నిజం చెప్పే ముందు ఇల్లు చక్కబెట్టుకోండి: ప్రజావేగులకు, వాళ్ల పక్కన నిలబడేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఫిర్యాదు పంపిన రోజు ఏమీ జరగదు. మర్నాడూ జరగదు. నేను పనిచేసిన ఒక సంస్థలో, రాని సరుకుకు బిల్లులు పాస్ అవుతున్నాయని పైవాళ్లకు మెయిల్ పెట్టాక దాదాపు ఆరు వారాలు అంతా మామూలుగానే గడిచింది. ఆ తర్వాత ఒక సోమవారం, ఎప్పుడూ వచ్చే మీటింగ్ పిలుపు నాకు రాలేదు. పొరపాటేమో అనుకున్నాను. వచ్చే సోమవారమూ రాలేదు. మూడో నెలలో నా పనితీరు నివేదిక వచ్చింది. అంతకుముందు రెండేళ్లు "చాలా బాగుంది" అని రాసిన మనిషే ఈసారి "టీమ్‌తో కలవలేకపోతోంది" అని రాశారు.

మెయిల్ పెట్టే ముందు బిల్లుల నంబర్లన్నీ మూడుసార్లు సరిచూసుకున్నాను. జీతం ఆగితే ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుందో మాత్రం ఒక్కసారి కూడా లెక్క వేయలేదు. మా ఆయనకు సంగతి చెప్పింది కూడా మెయిల్ వెళ్లిన రెండు రోజులకు. ఆయన కోప్పడలేదు. "ముందే చెప్పుంటే ఆ లోను తీసుకునేవాళ్లం కాదు కదా" అన్నారు, అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది, ఎందుకంటే అందులో తప్పేమీ లేదు.

సంస్థలో జరిగే అక్రమాన్ని బయటపెట్టేవారిని పత్రికలు ప్రజావేగు అంటాయి, ఆఫీసుల్లో విజిల్‌బ్లోయర్ అంటారు. ఏ దేశంలోనైనా వాళ్లకు చట్టం ఇచ్చే రక్షణ చాలావరకు దెబ్బ తగిలాక, విచారణ జరిగాక వస్తుంది. ఈలోగా బరువంతా ఇంటి మీద పడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం పైగా ఫిర్యాదుకు ముందు చేయాల్సిన పనులే ఉన్నాయి.

ఒక్క మినహాయింపు. ఎవరి ప్రాణానికైనా ఇప్పటికిప్పుడే ముప్పు ఉంటే (లీకవుతున్న గ్యాస్, కూలేలా ఉన్న కట్టడం, రోగులకు వెళ్తున్న చెడిపోయిన మందు) ఈ సన్నాహాలేవీ చూసుకోకండి. ముందు చెప్పండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

మొదటి అడుగు: జీతం లేని నెలలు ఎన్ని?

ఒక కాగితం తీసుకుని, మీ ఇంట్లో నెలకు తప్పనిసరిగా అయ్యే ఖర్చు రాయండి. అద్దె లేదా ఈఎంఐ, ఫీజులు, మందులు, పెద్దవాళ్లకు పంపేది. చేతిలో ఉన్న డబ్బును దానితో భాగిస్తే ఎన్ని నెలలు వస్తాయో చూడండి. ఆరు కంటే తక్కువైతే, పరిస్థితి అనుమతిస్తే, ఫిర్యాదును కొన్ని వారాలు వాయిదా వేసి ఆ అంకె పెంచుకోవడం పిరికితనం కాదు. ఎక్కువ కాలం నిలబడగలిగితేనే మీ ఫిర్యాదూ నిలబడుతుంది.

ఎంతకాలం పట్టవచ్చో ఒక ఉదాహరణ చెబుతాను. లక్సెంబర్గ్‌లో రాఫెల్ హాలె అనే ఉద్యోగి, పెద్ద కంపెనీల పన్ను రిటర్నులను 2012లో ఒక జర్నలిస్టుకు ఇచ్చారు. ఉద్యోగం పోయింది. అక్కడి కోర్టు 1,000 యూరోల జరిమానా వేసింది. యూరోపియన్ మానవ హక్కుల కోర్టులో 2021లో ఓడిపోయారు. చివరికి 2023 ఫిబ్రవరి 14న అదే కోర్టులోని పెద్ద ధర్మాసనం (గ్రాండ్ చాంబర్) ఆయన పక్షాన తీర్పు చెప్పింది. పదేళ్లు దాటాక గెలుపు వచ్చింది, పరిహారం 15,000 యూరోలు. అందరికీ ఇంత సాగదు. కానీ "నిజం నా వైపు ఉంది కాబట్టి రెండు నెలల్లో తేలిపోతుంది" అన్న ధీమాతో మాత్రం దిగకండి.

ఉద్యోగంతో ముడిపడి ఉన్నవన్నీ వేరే వరుసలో రాయండి. కుటుంబం ఆరోగ్య ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిందేనా? ఉంటున్న ఇల్లు వాళ్లదా? వాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారా? పరాయి దేశంలో ఉంటే మీ వీసా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉందా? సొంతంగా ఒక ఇన్సూరెన్స్ తీసుకోవడం, రావాల్సిన ఖర్చుల బిల్లులు వసూలు చేసుకోవడం, వాయిదా పడుతూ వచ్చిన ఆపరేషనో పంటి వైద్యమో ఇప్పుడే చేయించుకోవడం చిన్న పనుల్లా కనిపిస్తాయి. నాలుగో నెలలో వాటి విలువ తెలుస్తుంది. కొత్త అప్పు మాత్రం చేయకండి.

మీ సొంత ఉద్యోగ కాగితాలు ఇంటికి తెచ్చుకోండి: నియామక పత్రం, పే స్లిప్పులు, పాత పనితీరు నివేదికలు, మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు. రేపు "ఈ మనిషి పని ఎప్పుడూ ఇంతే" అని వాళ్లు అంటే, జవాబు చెప్పేది ఈ కాగితాలే. లాగిన్ ఆపేశాక అవి మీ చేతికి రావు.

రెండో అడుగు: ఇంట్లో కూర్చుని మాట్లాడటం

ఇంట్లోవాళ్లకు వివరాలన్నీ చెప్పాల్సిన పనిలేదు, చెప్పకపోవడమే వాళ్లకు క్షేమం. పేర్లు, పత్రాలు, అంకెలు వదిలేయండి. ఏం జరగవచ్చో మాత్రం దాచకండి: జీతం ఆగవచ్చు, బదిలీ రావచ్చు, నాకు చిరాకు పెరుగుతుంది, బంధువుల్లో ఎవరో ఒకరు "నీకెందుకు వచ్చిన గొడవ" అంటారు. ఎంతవరకు భరించగలం, ఎక్కడ ఆగిపోదాం అన్నది ఇద్దరూ కలిసి ఇప్పుడే అనుకోండి. నేనైతే ఆ హద్దును తేదీ వేసి రాసుకోమంటాను. కష్టాల మధ్యలో కూర్చుని ఆలోచిస్తే హద్దులన్నీ జరిగిపోతాయి.

పిల్లలు పెద్దవాళ్లయితే వాళ్లకూ ఒక మాట చెప్పాలి. ఇంట్లో టెన్షన్ ఉందని వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. కారణం తెలియకపోతే తమ వల్లే అనుకుంటారు.

మూడో అడుగు: కంటితో చూసింది, చెవిన పడింది విడదీయండి

ఒక పేజీని నిలువుగా రెండుగా మడవండి. ఎడమవైపు మీరు స్వయంగా చూసినవి, తేదీతో. కుడివైపు ఎవరో చెప్పినవి, మీరు ఊహించినవి. ఫిర్యాదు ఎడమవైపు నుంచే పుట్టాలి. కుడివైపు ఉన్నదాన్ని "ఇది కూడా పరిశీలించాలి" అని చివర్లో పెట్టవచ్చు. చాలా చట్టాలు మీరు చెప్పింది అక్షరాలా రుజువు కావాలని అడగవు, అది నిజమని నమ్మడానికి మీకు తగిన కారణం ఉంటే చాలు. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడిక 33వ అధికరణం కూడా సద్బుద్ధితో, తగిన ఆధారంతో చెప్పినవారికి రక్షణ కల్పించడాన్ని పరిశీలించమని దేశాలను కోరుతుంది.

మీకు రాని ప్రమోషన్, ఫలానా మేనేజరు మాటతీరు ఈ పేజీలోకి రాకూడదు. అవి నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క వాక్యం పట్టుకుని మొత్తాన్ని "వ్యక్తిగత కక్ష" అని పక్కన పెట్టేస్తారు.

నాలుగో అడుగు: ఆధారాలు, అవి వదిలే జాడలు

మీ పనిలో భాగంగా మీరు చూడటానికి హక్కున్న వాటినే తీసుకోండి. ఇంకొకరి పాస్‌వర్డ్ వాడటం, తాళం వేసిన బీరువా తెరవడం, మీ పనికి సంబంధం లేని ఫోల్డర్లలో వెతకడం వద్దు. రేపు విచారణ అక్రమం మీద కాకుండా మీ మీద జరుగుతుంది. అవసరానికి మించి తీయడం కూడా ప్రమాదమే. పది బిల్లులు చాలిన చోట పదివేల ఫైళ్లు దించుకుంటే, దొంగతనం అనే మాట వాళ్ల నోటికి సులువుగా వస్తుంది.

జాడ గురించి ఒక సంగతి. 2017లో అమెరికాలో రియాలిటీ విన్నర్ అనే కాంట్రాక్టు ఉద్యోగిని ఒక రహస్య నివేదికను ప్రింట్ తీసి ఒక వార్తాసంస్థకు పంపారు. ఆ నివేదికను ఎవరెవరు ప్రింట్ తీశారని దర్యాప్తు అధికారులు చూస్తే తేలింది 6 మంది. ఆ ఆరుగురి కంప్యూటర్లు పరిశీలిస్తే, వార్తాసంస్థతో మెయిల్ సంబంధం కనిపించింది ఆమె ఒక్కరి దాంట్లోనే. రహస్య సమాచారం బయటపెట్టినందుకు ఆమెకు 63 నెలల శిక్ష పడింది. మీ విషయం అంత పెద్దది కాకపోవచ్చు, పద్ధతి మాత్రం ఇదే: ఎవరు తెరిచారు, ఎవరు ప్రింట్ తీశారు, ఎవరు ఫార్వర్డ్ చేశారు అన్నది యంత్రం రాసి పెడుతుంది. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు కాగితం మీద కంటికి ఆనని పసుపు చుక్కలు కూడా వేస్తాయి, వాటి నుంచి ఏ ప్రింటరో, ఎప్పుడో చెప్పవచ్చు. ఫోనుతో తీసిన ఫోటోలో తేదీ, ఒక్కోసారి చోటు కూడా దాగి ఉంటాయి.

కాబట్టి ఆఫీసు కంప్యూటరు, ఆఫీసు ఫోను, ఆఫీసు వైఫై, ఆఫీసు మెయిల్ ఈ పనికి పూర్తిగా నిషిద్ధం అనుకోండి. లాయరు కోసం వెతకడం కూడా వాటిలో వద్దు. పత్రాన్ని తేవడం కష్టమైతే, అది ఏ పేరుతో, ఏ నంబరుతో, ఎక్కడ ఉందో రాసి పెట్టుకుంటే సరిపోతుంది. విచారణాధికారికి దాన్ని తెప్పించుకునే అధికారం ఉంటుంది. మాటలు రహస్యంగా రికార్డు చేయడం కొన్ని చోట్ల నేరం, అందుకని లాయరును అడగకుండా ఆ పని చేయకండి.

ఐదో అడుగు: నోరు తెరవకముందే లాయరు

పంపిన తర్వాత లాయరు దగ్గరకు వెళ్లేవాళ్లే ఎక్కువ. ముందు ఒక్క గంట కూర్చున్నా చాలా మారుతుంది. ఉద్యోగ చట్టాలు చూసే లాయరును వెతకండి. మీ సంస్థకు పనిచేసే లాయరు ఎంత మర్యాదగా మాట్లాడినా, వాళ్లు సంస్థ మనుషులే. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే సంస్థ 1993 నుంచి ఇలాంటివాళ్లకు ఉచితంగా సలహా ఇస్తోంది, అమెరికాలో గవర్నమెంట్ అకౌంటబిలిటీ ప్రాజెక్ట్ 1977 నుంచి ఉంది. మీ దేశంలో ఉచిత న్యాయ సహాయ కేంద్రం గానీ, ఉద్యోగ సంఘం గానీ ఉంటే అక్కడ మొదలుపెట్టవచ్చు.

ఆ గంటలో తప్పక అడగాల్సిన ప్రశ్న గడువుల గురించి. అమెరికాలో పనిచోట భద్రత గురించి ఫిర్యాదు చేసినందుకు వేధిస్తే, 1970 నాటి చట్టం కింద 30 రోజుల్లోనే ఫిర్యాదు ఇవ్వాలి. అదే షేర్‌హోల్డర్లను మోసం చేసిన వ్యవహారమైతే 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం 180 రోజులు ఇస్తుంది. బ్రిటన్‌లో ప్రజావేగును తీసేస్తే, కేసు తేలేదాకా జీతం సాగేలా మధ్యంతర ఉపశమనం అడగవచ్చు, కానీ తీసేసిన తర్వాత 7 రోజుల్లోపే. ఏడు రోజులు! ఆ వారం మనిషి మంచం మీద నుంచి లేవలేని వారం. అందుకే ఈ తేదీలు ముందే తెలిసి ఉండాలి, ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.

ఎవరికి చెబితే రక్షణ వర్తిస్తుందన్నది ఇంకో ప్రశ్న. 2018లో అమెరికా సుప్రీంకోర్టు, డాడ్-ఫ్రాంక్ అనే ఆర్థిక రంగ చట్టం కింద కక్షసాధింపు నుంచి రక్షణ కావాలంటే, షేర్ మార్కెట్లను నియంత్రించే ఎస్ఈసీకి ఫిర్యాదు చేసి ఉండాల్సిందేనని, సంస్థ లోపల మాత్రమే చెప్పినవారికి అది వర్తించదని తేల్చింది. పద్ధతిగా ముందు లోపల చెప్పిన మనిషికే ఆ చట్టం అండ లేకుండా పోయింది. నాకిది అన్యాయంగా అనిపిస్తుంది, కానీ తెలుసుకుని అడుగు వేయాలి. సంతకం చేసిన గోప్యత ఒప్పందం ఉంటే దాన్నీ చూపించండి. బ్రిటన్ 1998 చట్టం ప్రకారం, చట్టం కాపాడే ఫిర్యాదును అడ్డుకునే ఒప్పందపు షరతు చెల్లదు. చాలామంది ఆ కాగితానికి భయపడి ఏళ్ల తరబడి నోరు కట్టేసుకుంటారు.

ఆరో అడుగు: పేరు ఎంతమందికి తెలియాలి?

పేరు లేని ఫిర్యాదు వేరు, పేరు గోప్యంగా ఉంచే ఫిర్యాదు వేరు. మొదటిదాంట్లో మీరెవరో ఎవరికీ తెలియదు, కానీ తిరిగి ప్రశ్న అడగలేక విచారణ అక్కడే ఆగిపోవచ్చు. రెండోదాంట్లో ఒకరిద్దరికే తెలుస్తుంది, అయితే ఆ ఒకరిద్దరి మీద మీ జీవితం ఆధారపడుతుంది.

సత్యేంద్ర దూబే జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఇంజినీరు. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి రాస్తూ, తన పేరు రహస్యంగా ఉంచమని కోరారు. లేఖ ఆయన వివరాలతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. అది దోపిడీలో జరిగిన హత్య అని సీబీఐ చెప్పింది. అలా అయినా, దాచమన్న పేరును టేబుల్ తర్వాత టేబుల్ తిప్పిన తప్పు చెరిగిపోదు. ఆ తర్వాత 2004లో వచ్చిన కేంద్ర తీర్మానం ప్రకారం, కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పంపేవారు కవరు మూసి, అది ప్రజాప్రయోజన ఫిర్యాదు అని పైన రాయాలి. పేరు, చిరునామా కవరు మీద ఉండకూడదు, లోపల మాత్రం తప్పక ఉండాలి. అందినట్టు కమిషన్ రసీదు కూడా పంపదు, ఆ రసీదే మనిషిని పట్టించవచ్చు కాబట్టి. 2014లో పార్లమెంటు పూర్తి చట్టం చేసింది గానీ, ఏళ్లు గడిచినా అది అమల్లోకి రాలేదు.

మీరు ఏ దేశంలో రాస్తున్నా ఈ కవరు వెనక ఉన్న ఆలోచన వాడుకోండి. ఫిర్యాదు ఒక కాగితం, మీరెవరన్నది ఇంకో కాగితం. ఫిర్యాదులో "నా టేబుల్ దగ్గరకు వచ్చిన", "నేను సెలవులో ఉన్నప్పుడు" లాంటి మాటలు తీసేయండి. మీకు మాత్రమే తెలిసే సంగతి ఒక్కటున్నా పేరు రాసినట్టే. పంపే ముందు చదువుతూ, మీ మేనేజరు చదివితే ఎవరిని అనుమానిస్తాడో ఆలోచించండి. ఇదే విషయం మీద ఇప్పటికే పదిమంది ముందు గొడవపడి ఉంటే, అజ్ఞాతం పేరుకే మిగులుతుంది. అప్పుడు నేరుగా సంతకం పెట్టి, తేదీ వేసి, అందినట్టు రుజువు దాచుకోవడమే మేలు. ఎందుకంటే ఫిర్యాదు చేసింది మీరేనని వాళ్లకు తెలుసు అని చూపలేకపోతే, తర్వాత జరిగినది కక్షసాధింపు అని నిరూపించడం కష్టం.

ఏడో అడుగు: నోట్‌బుక్

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆదుకున్నది ఒక మామూలు నోట్‌బుక్. ఇంట్లో ఉండేది, పేజీలు కుట్టినది, చేత్తో రాసినది. అందులోంచి ఒక రోజు:

"మంగళవారం, ఉదయం 10.20. కొనుగోళ్ల ఫైలు నా లాగిన్‌కు తెరుచుకోలేదు. ఐటీవాళ్లు 'పై నుంచి చెప్పారు' అన్నారు. ఎవరు అని అడిగితే చెప్పలేదు. పక్కన ఇద్దరు ఉన్నారు. 11.05కి మేనేజరుకు మెయిల్ పెట్టి కారణం అడిగాను. సాయంత్రం దాకా జవాబు లేదు."

ఇందులో బాధ లేదు, తిట్టు లేదు. చదివే అధికారికి నమ్మకం కుదిరేది అందుకే. కోపం రాసుకోవాలనిపిస్తే వేరే పుస్తకంలో రాసుకోండి. యూరోపియన్ యూనియన్ 2019 నిర్దేశం ప్రకారం, తాను ఫిర్యాదు చేసినట్టు, ఆ తర్వాత నష్టం జరిగినట్టు ఉద్యోగి చూపిస్తే, దానికి ఫిర్యాదు కారణం కాదని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. అంటే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుసే మీ బలం. అదే నిర్దేశం ఫిర్యాదు అందినట్టు 7 రోజుల్లో చెప్పాలని, సాధారణంగా 3 నెలల్లో ఏం చేశారో తెలపాలని కూడా అంటుంది. మీ చోట అలాంటి గడువు ఉంటే ఆ తేదీలూ నోట్‌బుక్‌లో రాసి, దాటిన రోజున మర్యాదగా ఒక గుర్తుచేసే మెయిల్ పంపండి.

నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని ఆ రోజే మెయిల్‌లోకి తేవాలి: "ఈ రోజు మీరు చెప్పినట్టు రేపటి నుంచి నేను ఆ పని చూడను, సరిగానే అర్థం చేసుకున్నానా?" షోకాజ్ నోటీసు వస్తే అదే రాత్రి ఆవేశంలో జవాబు రాయకండి. లాయరుకు చూపించి, గడువులోగా ఇవ్వండి. ఈ రోజుల్లో మీ పనిలో ఒక్క లోపం కూడా దొరకకూడదు. సమయానికి వెళ్లడం, సెలవు రాసి పెట్టడం, ఖర్చుల లెక్క పైసాతో సహా ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. కోపంలో రాజీనామా అసలు వద్దు. మీరు వెళ్లిపోతే వాళ్లకు మిమ్మల్ని తీసేయాల్సిన అవసరమే రాదు, మీ హక్కుల్లో కొన్ని ఆ కాగితంతోనే పోవచ్చు.

నిద్ర, ఒంటరితనం

దీనికి అడుగు నంబరు వేయలేదు, మొదటి రోజు నుంచీ ఉండేదే కాబట్టి. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఏ మాట ఎలా చెప్పాల్సిందో మళ్లీ మళ్లీ తిప్పుకోవడం, ఇంట్లో ఏ సంగతి మొదలైనా కేసు దగ్గరకే రావడం నాకూ జరిగింది. మేం ఒక నియమం పెట్టుకున్నాం: దాని గురించి మాట్లాడేది బుధ, ఆదివారాలు, గంటసేపు. మిగతా రోజుల్లో గుర్తొస్తే చీటీ రాసి డబ్బాలో వేయడం. చాదస్తంలా ఉంటుంది గానీ, మా పెళ్లిని ఆ డబ్బా కాపాడిందని నేను నమ్ముతాను.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి, పనిచోట ఏం జరుగుతోందో చెప్పండి. వైద్యం అందుతుంది, జరిగిన నష్టానికి తేదీ ఉన్న రికార్డూ ఉంటుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అది కేసుకు సంబంధించిన విషయం కాదు, అత్యవసరం. ఆ క్షణమే పక్కన ఉన్న మనిషికి చెప్పాలి, సహాయ నంబరుకు ఫోన్ చేయాలి.

పక్కన నిలబడేవాళ్లకు

రోజర్ బోయిస్జోలీ రాకెట్ ఇంజినీరు. చలికి రబ్బరు సీళ్లు బిగుసుకుపోయి రాకెట్ పేలవచ్చని 1985 నుంచే రాతపూర్వకంగా హెచ్చరించారు. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక గాల్లోనే ముక్కలై ఏడుగురు చనిపోయారు. విచారణ సంఘం ముందు నిజం చెప్పాక సహోద్యోగులు ఆయన్ను దూరం పెట్టారు, ఆరోగ్యం దెబ్బతింది, ఉద్యోగం వదిలేశారు. సాక్ష్యం చెప్పిన రోజు, సంఘంలో సభ్యురాలైన వ్యోమగామి శాలీ రైడ్ అందరి ముందూ ఆయన్ను దగ్గరకు తీసుకున్నారు. అలా చేసింది ఆమె ఒక్కరేనని ఆయన తర్వాత గుర్తుచేసుకున్నారు.

మీ పక్క టేబుల్ మనిషి ఫిర్యాదు చేశారని తెలిస్తే, మీరు కేసులోకి దిగనక్కర్లేదు. ఎప్పటిలాగే పలకరించండి. మీటింగ్‌లో పక్క కుర్చీలో కూర్చోండి. "నిన్న ఆవిడ మీద అరిచినప్పుడు నేనక్కడే ఉన్నాను" అన్న ఒక్క వాక్యం తేదీతో రాసి దాచుకోండి, అడిగితే చెప్పండి. యూరప్ నిర్దేశం ఫిర్యాదుకు సహాయం చేసినవారికి, నష్టపోగల సహోద్యోగులకు, బంధువులకు కూడా రక్షణ విస్తరించింది. స్నేహితులైతే "ఏం సహాయం కావాలి?" అని అడక్కండి, జవాబు రాదు. పిల్లలను శనివారం నేను చూసుకుంటాను, లాయరు దగ్గరకు నేను తోడు వస్తాను అని చెప్పండి.

మేనేజరైతే, ఫిర్యాదు వచ్చిన రోజు మీరు చేయాల్సిన మొదటి పని ఎవరు రాశారని వెతకడం మానేయడం. ఆ మనిషి బదిలీ, పనితీరు మార్కులు, క్రమశిక్షణ చర్య ఏదైనా ఫిర్యాదులో పేరున్నవాళ్ల చేతుల మీదుగా వెళ్లకుండా వేరే అధికారికి అప్పగించండి. ప్రతి రెండు వారాలకు ఒకరు ఆ ఉద్యోగితో మాట్లాడి, ఏమైనా మారిందా అని రాసిపెట్టాలి. వేధింపు చాలావరకు మీటింగ్ పిలుపు ఆగడం లాంటి చిన్న విషయంతోనే మొదలవుతుంది, అప్పుడు ఆపడం సులువు.

బయటకు వచ్చేస్తుంటే

పోరాడినా కొందరు ఆ చోట ఉండలేరు. నేనూ ఉండలేదు. వెళ్లేటప్పుడు రాజీ ఒప్పందం ఇస్తారు, దాంతో పాటు డబ్బూ, తొందరా. "ఈ రోజే సంతకం చేయాలి" అంటే ఆ రోజు చేయకండి. రిలీవింగ్ లెటర్‌లో ఏ మాటలు ఉంటాయో అక్షరాలా ఒప్పందంలోనే రాయించండి. కొత్త సంస్థ ఫోన్ చేస్తే ఎవరు మాట్లాడతారు, ఏం చెబుతారు అన్నదీ అందులోనే ఉండాలి. కొత్త ఇంటర్వ్యూలో "ఎందుకు మానేశారు?" అంటే నేను చెప్పిన జవాబు ఇది: "లెక్కల పద్ధతుల మీద సంస్థకూ నాకూ అభిప్రాయ భేదం వచ్చింది, అది పద్ధతి ప్రకారం ముగిసింది." అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుంటే గొంతు వణకదు.

ఇక గోప్యత షరతు. దాన్ని లాయరుతో కలిసి ఒక్కో వాక్యం చదవండి. ప్రభుత్వ నియంత్రణ సంస్థకు, పోలీసులకు, కోర్టుకు, మీ డాక్టరుకు, మీ కుటుంబానికి నిజం చెప్పే స్వేచ్ఛ మీకు ఉంటుందని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ వాక్యం చేర్పించి, చేర్చిన ఒప్పందం కాపీ చేతికి వచ్చాకే కలం తీయండి.